ఒకే స్ట్రిప్పు, ఇద్దరు మనుషులు: నెల్లూరు నుంచి ఒక కేసు

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున ఆ పెద్దావిడకి ఫిట్స్ వచ్చాయి. వయసు 61. కోవూరు దాటాక పెన్నా కాలువల కింద ఒక ఊరు. అంతకు ముందెప్పుడూ ఫిట్స్ లేవు, తలకు దెబ్బ తగల్లేదు, షుగర్ లేదు. బీపీకి ఒక బిళ్ళ వాడుతుంది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. సీటీ స్కాన్ మామూలుగా ఉంది. సోడియం, షుగర్, కాల్షియం సరిగ్గానే ఉన్నాయి. ఫిట్స్ ఆగడానికి ఫెనిటాయిన్ ఎక్కించారు. అయినా మనిషి కుదుటపడలేదు. వణుకు, చెమటలు, మంచం పక్కన ఎవరో నిలబడ్డారని అనడం. "ఇంకేమైనా మందులు వాడుతుందా?" అని అక్కడి ఫిజీషియన్ అడిగితే పెద్దబ్బాయి చెప్పిన మాట కేసు షీటులో అలాగే రాశారు: డ్రగ్ అడిక్ట్. ఆ రెండు మాటల మూలానే కేసు సైకియాట్రీకి, అంటే నా దగ్గరికి వచ్చింది.

ఇది రాయడానికి తల్లీ కొడుకులిద్దరూ ఒప్పుకున్నారు. ఊరి పేరు చెప్పను. వయసులు, పనులు కొంచెం మార్చాను. పెద్దావిడ, పెద్దబ్బాయి, చిన్నబ్బాయి, చిన్నబ్బాయి భార్య అయిన కోడలు. ఈ నలుగురికీ ఈ పిలుపులు చాలు.

నేను చూసేసరికి

పల్స్ 118, బీపీ 170/100, జ్వరం లేదు. చేతులు చాపమంటే వేళ్ళు వణుకుతున్నాయి. ఫ్యాను చప్పుడుకి ఉలిక్కిపడుతోంది, ట్యూబ్‌లైటు ఆర్పేయమంటోంది. కొడుకుల్ని గుర్తుపట్టింది గానీ ఆ రోజు ఏ వారమో చెప్పలేకపోయింది. ఇలాంటి మనిషిని మేం ఎక్కువగా చూసేది రోజూ తాగి తాగి ఒక్కసారిగా ఆపేసిన మగవాళ్ళలో. ఈవిడ చుక్క ముట్టని మనిషి.

పెద్దబ్బాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భోగికి వచ్చాడు. తల్లి ఆకూ వక్కా పెట్టుకునే స్టీలు డబ్బాలో బిళ్ళలు కనబడితే ఫోనులో పేరు కొట్టి చూశాడు. ఆల్ప్రజోలామ్, 0.5 మిల్లీగ్రాములు, నిద్రకీ ఆందోళనకీ రాసే బిళ్ళ. వీడియోలు రెండు చూశాడు, భయపడ్డాడు. పండగనాటి సాయంత్రం డబ్బాలో ఉన్నవన్నీ కాలువలో పారేసి, "మూడు రోజులు ఓర్చుకో అమ్మా, పోతుంది" అన్నాడు. కనుమ రాత్రి ఆవిడకి కన్ను మూతపడలేదు. మర్నాడు ఒళ్ళంతా నొప్పులంటే ఊళ్ళో షాపు నుంచి నొప్పుల బిళ్ళ తెచ్చి రెండుసార్లు వేశాడు. ఆ స్ట్రిప్పు తెప్పించి చూస్తే అందులో నల్లమందు జాతికి చెందిన ట్రమడాల్ ఉంది. ట్రమడాల్ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. ఒక మందు మాన్పించబోయి, దాన్ని మానడం వల్ల వచ్చే ప్రమాదాన్ని ఇంకో మందుతో పెంచాడు. అతన్ని తప్పుపట్టను. తల్లి మీద ప్రేమతోనే చేశాడు.

ఆల్ప్రజోలామ్ జాతిదే అయిన లోరజెపామ్ 2 మిల్లీగ్రాములు నెమ్మదిగా నరానికి ఇచ్చాం. అరగంటలో పల్స్ 94కి దిగింది. ఆవిడ నిద్రపోయింది. ఫెనిటాయిన్ ఈ రకం ఫిట్స్‌కి పనికొచ్చే మందు కాదు. ఏ జాతి మందు తీసేస్తే ఈ గొడవ వచ్చిందో ఆ జాతిదే తిరిగి ఇవ్వాలి.

"సార్, మళ్ళీ అదే ఇస్తున్నారా?" అన్నాడు పెద్దబ్బాయి. గొంతులో కోపం ఉంది, న్యాయంగానే.

రైతు ఇంటి పిల్లవాడు కాబట్టి అతనికి తూము సంగతి చెప్పాను. చేనికి వచ్చే నీళ్ళ తూము సగం మూశారనుకో. చేను ఎండిపోకుండా పైవాడు కాలువకి ఎక్కువ నీళ్ళు వదులుతాడు. ఆరేళ్ళు అట్లాగే నడిచింది. పైనుంచి వచ్చే నీళ్ళు ఎక్కువ, తూము సగం మూత, చేనికి అందేది సరిపాటు. ఇప్పుడు నువ్వొచ్చి ఒక్క దెబ్బన తూము మొత్తం ఎత్తేశావు. చేను మునగక ఏమవుతుంది? మెదడులో గాబా అనే రసాయనం నరాల హడావుడిని తగ్గిస్తుంది. ఆల్ప్రజోలామ్ దాని పనికి బలం ఇస్తుంది. నెలల తరబడి ఆ బలం అందుతుంటే మెదడు రెండోవైపు హడావుడిని పెంచుకుని సరిచూసుకుంటుంది. బిళ్ళ ఆగిన రోజు ఆ పెంచుకున్నదంతా అడ్డు లేకుండా మీద పడుతుంది. ఆల్ప్రజోలామ్ ఒంట్లోంచి త్వరగా పోయే మందు. సుమారు 11 గంటలకు రక్తంలో సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే దీనికి విత్‌డ్రాయల్, అంటే మందు ఆపితే ఒళ్ళు చేసే గొడవ, ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, ఫిట్స్ వస్తే చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే వస్తాయి.

ఇక్కడిదాకా నేను సరిగ్గానే నడిచాను. తప్పు తర్వాత చేశాను.

అలవాటు అన్న ఒక్క మాట

మందు కథ ఇది. ఆరేళ్ళ కింద భర్త గుండెపోటుతో పోయాడు. నెల రోజులు నిద్ర లేకపోతే ఊరికి దగ్గరలోని డాక్టరు రాత్రికి ఒక 0.5 బిళ్ళ రాశాడు, పదిహేను రోజులకి. ఆ పదిహేను రోజులు ఎప్పుడు అయిపోయాయో ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత గుండెదడ అంటే ఇంకో డాక్టరు పొద్దున ఒకటి కలిపాడు. అప్పటినుంచీ రోజుకు రెండు. చీటీ నలిగిపోతోందని లామినేషన్ చేయించారు. ఆ అట్టనే షాపులో చూపించి నెలనెలా కొంటారు. లామినేషన్ చేసిన చీటీని నేను చూడటం అదే మొదటిసారి కాదు. మన జిల్లాలో దాన్ని రేషన్ కార్డు లాగా దాచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్ళలిచ్చారు అన్నవన్నీ షాపువాళ్ళు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఆరేళ్ళనాటి చీటీకి ప్రతి నెలా స్ట్రిప్పులు ఎలా వచ్చాయన్నది ఆ రిజిస్టరును అడగాల్సిన ప్రశ్న.

మన భాషలో ఒక చిక్కుంది. 'అలవాటు' అన్న ఒక్క మాటతోనే అన్నీ కానిచ్చేస్తాం. పొద్దున్నే నడవడం అలవాటు, కాఫీ అలవాటు, నిద్రబిళ్ళ అలవాటు, తాగుడు అలవాటు. 'మందు' సంగతి సరేసరి. జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో కొట్టేదీ మందే, చీకటి పడ్డాక కొట్టేదీ మందే. "అమ్మ మందుకి అలవాటు పడింది" అని పెద్దబ్బాయి ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను. అవతలివాళ్ళకి ఏమర్థమై ఉంటుందో!

డాక్టర్లం కూడా ఈ విషయంలో మరీ మేలేమీ కాదు. అడిక్షన్, అలవాటు అన్న పాత మాటల్ని వదిలి డిపెండెన్స్ అన్న ఒక్క మాట వాడమని 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ చెప్పింది. 1987లో అమెరికా సైకియాట్రీ వాళ్ళు జబ్బుల జాబితా సవరించినప్పుడు కూడా, అడిక్షన్ అంటే మనిషి పరువు పోతుందని దానికే డిపెండెన్స్ అని పేరు పెట్టారు. ఉద్దేశం మంచిదే. ఫలితం ఏమైందంటే, ఒళ్ళు మందుకి అలవాటు పడటమూ వ్యసనమూ ఒకే పేరు కింద కలిసిపోయాయి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇవ్వడానికి కూడా డాక్టర్లు జంకేవాళ్ళు. 2013లో ఆ జాబితాకి వచ్చిన కొత్త కూర్పు డీఎస్ఎం-5లో ఈ ముడి విప్పారు. 11 లక్షణాల జాబితా ఇచ్చి, వాటిలో రెండింటిని పక్కకి పెట్టారు. మోతాదు సరిపోకుండా పోవడం, ఆపితే విత్‌డ్రాయల్ రావడం. డాక్టరు చెప్పిన ప్రకారం మందు వాడే మనిషిలో ఈ రెండూ ఉన్నా వ్యసనం లెక్కలోకి తీసుకోకూడదని రాశారు.

పిల్లికూతలకీ ఆయాసానికీ నెలలపాటు ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్ళు దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. గుండెకు ప్రొప్రనొలాల్ వాడేవాళ్ళు చటుక్కున మానితే గుండె ఎగిరెగిరి పడుతుంది. వాళ్ళని ఎవరైనా స్టిరాయిడ్ బానిస అంటారా? మరోవైపు ఫోనులో రమ్మీ ఆడి పొలం తాకట్టు పెట్టిన కుర్రాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళ ఒంట్లోకి ఏ మందూ పోలేదు. వ్యసనం మాత్రం నిండుగా ఉంది. డీఎస్ఎం-5 జూదాన్ని కూడా మత్తుపదార్థాల అధ్యాయంలోనే పెట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. "ఒకటి ఒంటికి సంబంధించింది, ఒకటి మనసుకి" అని మా జూనియర్లు తేలిగ్గా చెప్పేస్తారు. నాకది నచ్చదు. వ్యసనం కూడా మెదడులోని మార్పే, తిట్టి మాన్పించే మనోబలం లోటు కాదు. తేడా మార్పు జరిగే చోటులో ఉంది. ఒకదాంట్లో మందు ఉంటేనే సరిపాటుగా నడిచే పరిస్థితి. రెండోదాంట్లో 'కావాలి' అనే యంత్రాంగమే పట్టు తప్పడం.

స్ట్రిప్పుల లెక్క

రెండో రోజుకి ఆవిడ తేరుకుంది. పెద్దబ్బాయి నా గదిలోకి వచ్చి ఫోన్‌పే చెల్లింపులు చూపించాడు. అదే షాపుకి కట్టినవి. అతను ఊరికే అనలేదు, షాపుకి వెళ్ళి అడిగి వచ్చాడు. రోజుకు రెండంటే నెలకి 60. పదిహేను బిళ్ళల స్ట్రిప్పులు నాలుగు. షాపులో మాత్రం ఏడాదిన్నరగా నెలకి ఎనిమిది తొమ్మిది పోతున్నాయి. "చూశారా సార్? రెండు అని చెబుతుంది, నాలుగు మింగుతోంది."

లెక్క అతని వైపే ఉంది. ఇంత చిన్న మోతాదుకి ఫిట్సా అన్న అనుమానం నాకూ లోపల ఉంది. కేసు షీటులో "మోతాదు దాచినట్టు అనుమానం, వ్యసనం కావచ్చు" అని రాశాను. ఆవిడ మంచం దగ్గర కూర్చుని, నాలుగైనా వేసుకుంటున్నారా, దాచుకుంటున్నారా, అయిపోతాయని భయమేస్తుందా అని ఒకటికి నాలుగుసార్లు అడిగాను. ఆవిడ కాసేపు పైకప్పు చూసింది.

"రెండే సామీ. పొద్దున ఒకటి, రేత్రికి ఒకటి. నేనేమన్నా దొంగనా?"

ఇలా అబద్ధం చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. అందుకే నమ్మలేదు. నిజం చెప్పేవాళ్ళూ సరిగ్గా ఇలాగే చెబుతారు.

ముడి విప్పింది నేను కాదు, రాత్రి డ్యూటీ సిస్టర్. మూడో రోజు పొద్దున రౌండ్స్‌లో మెల్లగా చెప్పింది: "సార్, అమ్మకన్నా అబ్బాయికే బిళ్ళ టైము బాగా గుర్తుంటాంది." ముందురోజు రాత్రి ఎమర్జెన్సీ కేసు వచ్చి ఆవిడ బిళ్ళ గంటన్నర ఆలస్యమైంది. ఆవిడ అడగలేదు. పడుకుని మాట్లాడుతూనే ఉంది. చిన్నబ్బాయి మాత్రం మూడుసార్లు నర్సింగ్ స్టేషన్‌కి వచ్చాడు. మూడోసారి, "రేపటివి కూడా ఇప్పుడే ఇచ్చేయండి సిస్టర్, మేమే వేసుకుంటాం, మీకెందుకు శ్రమ" అన్నాడట.

అప్పుడు నాకు తట్టింది. మూడు రోజులుగా ఇద్దరు మగపిల్లల్ని అడిగాను గానీ ఇంట్లో ఆవిడకి అన్నం పెట్టే మనిషిని ఒక్క ముక్క అడగలేదు. కోడలిని పిలిపించాను. తలుపు దగ్గరే నిలబడింది.

"బిళ్ళలు ఎవరిస్తారమ్మా ఇంట్లో?"

"నేనే సార్. అత్తకి పేరు చదవడం రాదు కదా. పొద్దున టిఫినయ్యాక ఒకటి, రేత్రి మజ్జిగ తాగినాక ఒకటి. ఆమె చేత్తో ఆమె ఎప్పుడూ తీసుకోదు."

"మరి నెలకి తొమ్మిది స్ట్రిప్పులు?"

జవాబు లేదు. తల వంచుకుంటే చెవులు కనబడ్డాయి. కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకుని ఉంది. ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది. కేసు షీటులో రాసింది కొట్టేసి, తారీకు వేసి, సరైనది రాశాను. పెద్దావిడ దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. "పోనీ లే సామీ" అంది. ఆవిడ ముఖంలో తేలికేమీ కనబడలేదు. ఆ బిళ్ళలు ఎక్కడికి పోతున్నాయో ఆవిడకి ముందే తెలుసని తర్వాత అర్థమైంది.

చిన్నబ్బాయి

34 ఏళ్ళు. సముద్రం వైపు చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలు వేస్తాడు. రాత్రుళ్ళు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోకుండా కాపలా. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. పగలు నిద్ర పట్టక రెండేళ్ళ కింద తల్లి డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసుకున్నాడు. "అమ్మ రోజూ వేసుకునేదే కదా సార్, ఏమవుతుందిలే అనుకున్నా." ఆ వారం బాగా నిద్రపోయాడు. ఒక పంట వైరస్ తగిలి పోయింది. బిళ్ళ రెండయింది. తర్వాత క్వార్టరుతో కలిపితే 'ఇంకో రకంగా' ఉందని కనిపెట్టాడు. లామినేషన్ చీటీ ఫొటో ఫోనులో పెట్టుకుని తల్లి పేరు మీద కొనడం మొదలెట్టాడు. ఒక్కో రోజు ఏమీ లేదు, ఒక్కో రోజు ఆరు ఏడు. మధ్యలో ట్రమడాల్ కూడా చేరింది.

ఇతనికి 11లో తొమ్మిది లక్షణాలు కుదిరాయి. అనుకున్నదానికన్నా ఎక్కువ వేసుకోవడం, రెండుసార్లు మానేద్దామని మానలేకపోవడం, పని చెడటం, భార్యతో గొడవలై కూడా ఆపకపోవడం, మత్తులో బండి నడిపి కాలువ గట్టు మీద పడటం. బిళ్ళ లేని రోజు చెరువు దగ్గర కూర్చుంటే తలలో అదొక్కటే తిరుగుతుందన్నాడు. తల్లికి వీటిలో ఒక్కటి కూడా లేదు. ఆరేళ్ళూ అదే మోతాదు, లేదా డాక్టరు పెంచిన మోతాదు. దాపరికం లేదు. వేసుకుంటే ఎలా ఉంటుందని అడిగితే "ఏముంటది సామీ, నిద్రొస్తది" అంది. అదే ప్రశ్నకి కొడుకు చెప్పిన జవాబు పావుగంట సాగింది.

ఒకే కంపెనీ బిళ్ళ, ఒకే స్ట్రిప్పు. మూత్ర పరీక్ష చేస్తే ఇద్దరికీ పాజిటివే వస్తుంది. అందుకే ఈ తేడా ల్యాబ్ రిపోర్టులో దొరకదు, మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఇద్దరిలో ఎవరికి ఫిట్స్ వచ్చాయో చూడండి. వ్యసనం లేని మనిషికే! పెద్దబ్బాయి వాదన మొత్తం ఆ ఫిట్స్ మీదే నిలబడింది. 'అంత బాధపడిందంటే ఎంత అడిక్ట్ అయి ఉండాలి' అని. విత్‌డ్రాయల్ ఎంత గట్టిగా వచ్చిందన్నది వ్యసనానికి కొలత కాదు.

ఆ రోజు చిన్నబ్బాయి చేరడానికి ఒప్పుకోలేదు. "నేను ఎప్పుడంటే అప్పుడు మానేస్తా సార్" అన్నాడు. పదో రోజున మళ్ళీ బండి మీద నుంచి పడి, మోచెయ్యి చీరుకుపోయి, కోడలు వెంటబెట్టుకొస్తే వచ్చాడు. చేర్చుకున్నాం. మద్యంతో ఈ జాతి బిళ్ళలు కలిస్తే ఊపిరి మందగించి నిద్రలోనే పోయే ప్రమాదం ఉంటుంది. ట్రమడాల్ తోడైతే ఇంకా ఎక్కువ. డయజెపామ్‌కి మార్చి, థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, మోతాదు దించుకుంటూ వచ్చాం. ఆరు వారాలకి ఒంట్లో ఏమీ లేదు. నిద్ర వచ్చింది, వణుకు పోయింది, ఆకలి పుట్టింది. ట్రమడాల్‌కీ మద్యానికీ రెండింటికీ పనికొస్తుందని నాల్ట్రెక్సోన్ మొదలెట్టాం.

తల్లి మోతాదు దించడం

పెద్దావిడకి పట్టిన కాలం పది నెలలు.

ఆల్ప్రజోలామ్ త్వరగా దిగిపోతుంది కాబట్టి దాంతోనే తగ్గిస్తే రెండు బిళ్ళల మధ్య రోజూ చిన్న విత్‌డ్రాయల్ వస్తూ ఉంటుంది. ఒంట్లో ఎక్కువసేపు ఉండే మందుకి మార్చడం ఒక పద్ధతి. డయజెపామ్ ఆ పనికి బాగుంటుంది గానీ 61 ఏళ్ళ మనిషిలో పేరుకుపోయి తూలిపడితే తుంటి విరుగుతుంది. అందుకని క్లోనజెపామ్ తీసుకున్నాను. పొద్దున 0.5 మిల్లీగ్రాములు, రాత్రి 0.5. ఫిబ్రవరి నుంచి తగ్గింపు.

రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఐదు పది శాతం తగ్గించడం మంచి నడక. నా అడుగు 0.125, అంటే మొదట్లో పన్నెండున్నర శాతం. కొంచెం పెద్దదే. కారణం మామూలుది. మాకు దొరికిన చిన్న బిళ్ళ 0.25, దాన్ని సగం చేస్తే 0.125. నోట్లో కరిగే రకం చీల్చబోతే పొడైపోతుంది. మామూలు బిళ్ళ రాసి, దేంతో కోస్తారని అడిగాను. పెద్దావిడ డబ్బాలోంచి అడకత్తెర తీసి చూపించింది. నలభై ఏళ్ళ చేతి వాటం. సగానికి సరిగ్గా సగం పడింది. మా ఫార్మసీలో అమ్మే బిళ్ళ కోసే ప్లాస్టిక్ పెట్టె అంత బాగా కోయదు.

ఏప్రిల్‌కి రోజు మొత్తం మీద 0.625. మే నెలలో భర్త ఆబ్దికం వచ్చింది. ఆ నెల తగ్గించలేదు, అక్కడే ఆపాను. ఆపడం ఓటమి కాదని ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి టైము పట్టింది. కోరిక కోరుకుని ఆ పేరున్న రొట్టె పట్టుకునే రొట్టెల పండగ నాటికి 0.375. ఆవిడ బారాషహీద్ దర్గాకి వెళ్ళి, స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. "నిద్ర రొట్టె ఉంటే బాగుణ్ణు సామీ, వెతికినా యాడా లేదు" అని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆగస్టులో నా లెక్క తప్పింది. 0.375 నుంచి 0.25కి దించాను. అదే 0.125 అడుగు. కానీ మొదట్లో ఆ అడుగు మోతాదులో ఎనిమిదో వంతు, ఇప్పుడు మూడో వంతు. రెండు వారాలు నిద్ర లేదు, అరికాళ్ళలో మంటలు, గుండెదడ. ఫోను చేసి ఏడ్చింది. మోతాదు వెనక్కి పెంచకుండా అక్కడే ఆరు వారాలు నిలిపాను. ఆ తర్వాత అడకత్తెరతో పావు ముక్కలు. డిసెంబరు మొదటి వారంలో చివరి పావు అయిపోయింది.

మధ్యలో చేసిన మిగతా పనులు చిన్నవి, అయినా అవి లేకుండా ఇది జరిగేది కాదు. మధ్యాహ్నం మూడు గంటల నిద్ర మానడం, నిద్ర రాకపోతే మంచం దిగి కూర్చోవడం, రాత్రి టీ ఆపడం, భర్త గురించి ఎవరితోనైనా మాట్లాడటం. అన్నిటికన్నా కష్టమైంది మధ్యాహ్నం నిద్ర. లోపల ఉన్న ఆందోళనకి ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలెట్టి 10కి వెళ్ళాను. ఈ వయసులో సోడియం పడిపోయే అవకాశం ఉంది కాబట్టి రెండు వారాలకి రక్తపరీక్ష.

"ఇదీ అలవాటవుతుందా సార్?" అని అడిగాడు పెద్దబ్బాయి. ఒంటికి అవుతుంది అని చెప్పాను. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, చిరాకు ఉంటాయి, అందుకని దీన్నీ మెల్లగా తీస్తాం. దీనికోసం కమ్మలు తాకట్టు పెట్టినవాళ్ళని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. అతను తమ్ముడి వైపు చూసి తల దించుకున్నాడు. ఆ కమ్మలు తర్వాత అతనే విడిపించి తెచ్చాడని కోడలు చెప్పింది.

వ్యసనం కాదు అన్నంత మాత్రాన ఆరేళ్ళ బిళ్ళ మంచిదని కాదు. పెద్దవయసులో ఇవి తూలు, మతిమరుపు తెస్తాయి. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జాతి మందులన్నిటి మీద పెట్టే పెద్ద హెచ్చరికలో ఒంటి అలవాటు, విత్‌డ్రాయల్, వ్యసనం అన్న మాటల్ని వేర్వేరుగా రాయించింది. 'వ్యసనం కాదట' అని వినగానే కొందరు చీటీకి మళ్ళీ లామినేషన్ చేయిస్తారు. 'అడిక్ట్' అని వినగానే కొందరు కాలువలో పారేస్తారు. ఈ రెండు రకాలవాళ్ళూ నా ఓపీలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

మిగిలిన పదకొండు

పది నెలలూ బిళ్ళలు కోడలి బీరువాలో, తాళం కొంగుకి. ఇంట్లో ఇంకొకరు ఉన్నారు కాబట్టి ఈ ఏర్పాటు. చివర్లో ఒక స్ట్రిప్పులో పదకొండు మిగిలాయి. మూడు వారాల తర్వాత ఓపీకి వచ్చి పెద్దావిడ వాటిని బల్ల మీద పెట్టింది. "ఇవి ఎవురికన్నా పనికొస్తయ్యేమో సామీ, పారేయడమెందుకు." ఆ మూడు వారాల్లో రెండు రాత్రులు నిద్ర పట్టలేదని కూడా చెప్పింది. వేసుకోవాలనిపించలేదా అంటే, నా ముఖం చూసి, "అయిపోయింది గదా" అంది.

ఇక చిన్నబ్బాయి. ఒళ్ళు శుభ్రపడింది మార్చి మధ్యలో. నాల్ట్రెక్సోన్ రెండో నెలలోనే మానేశాడు, చెప్పలేదు. జూన్ చివర్లో రొయ్య రేటు పడిపోయింది. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బులు చేతికొచ్చిన రోజు ఇంకో ఊళ్ళో స్ట్రిప్పు కొన్నాడు. మర్నాడు చెరువు గట్టు మీద దొరికాడు. ఆ వారం వచ్చి కూర్చున్నప్పుడు అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. "ఒళ్ళు అడగలేదు సార్. వణుకు లేదు, ఏం లేదు. మెడికల్ షాపు బోర్డు కనబడింది. బండి దానంతటదే ఆగింది."

ఇద్దరికీ ఫైళ్ళు వేరు చేశాను. తల్లిది మూడు నెలలకోసారి. నిద్ర ఐదున్నర గంటలు, సరిపోవట్లేదని ఫిర్యాదు ఉంది. బీపీ అదుపులో ఉంది. ఎస్సిటలోప్రామ్ ఇంకా నడుస్తోంది. కొడుకుది వారం వారం, బుధవారాలు. నాల్ట్రెక్సోన్ మళ్ళీ మొదలైంది, ఈసారి కోడలి చేత్తో. రాత్రుళ్ళు మనసు లాగినప్పుడు చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నెంబరు 14416 చెరువు షెడ్డులో ఏరేటర్ స్విచ్ పక్కన చాక్‌పీసుతో రాసుకున్నాడు. ఒకసారి చేశాడు. మూత్ర పరీక్ష ఆరు వారాలు వరుసగా నెగెటివ్ వచ్చి, పోయిన వారం పాజిటివ్ వచ్చింది. ముందే చెప్పేశాడు, దాచలేదు. వచ్చే బుధవారం రమ్మన్నాను. తల్లి తనే తీసుకొస్తానంది.